జడ్జిగారు ఎవరిని నమ్మరు?

మన దగ్గర కోర్టు తీర్పు గురించి మాట్లాడుకోవడం అంటే చాలావరకు స్కోరు చెప్పుకోవడమే. ఎవరు గెలిచారు, ఎవరికి మొట్టికాయలు పడ్డాయి, అంతే. నచ్చిన తీర్పు వస్తే "కోర్టులన్నా ఉన్నాయి కాబట్టి సరిపోయింది" అంటాం. నచ్చనిది వస్తే "ఎవరూ ఓటెయ్యకుండా వచ్చి కూర్చున్నవాళ్ళకి ఇంత అధికారం ఏంటి" అంటాం. ఈ రెండు మాటలూ ఒకే మనిషి నోట ఒకే నెలలో వినడం మా ఆఫీసులో మామూలే.

టీవీ చర్చల్లో దీనికి రెండు పేర్లు తిరుగుతుంటాయి. జ్యుడీషియల్ యాక్టివిజం, జ్యుడీషియల్ రిస్ట్రెయింట్. అంటే ముందుకొచ్చి కలగజేసుకునే కోర్టు, తన హద్దులో తను ఉండే కోర్టు. ఈ పేర్లతో నాకున్న పేచీ ఏంటంటే, వీటితో జడ్జికి లేబుల్ అతికించొచ్చు గానీ ఆ జడ్జిని అర్థం చేసుకోలేం. ఒక నవల గురించి "వేగంగా సాగింది" అనో "నెమ్మదిగా సాగింది" అనో రాసేసి, రివ్యూ అయిపోయిందనుకోవడం లాంటిది అది.

నేను లా చదవలేదు. ఇంజనీరింగ్ చదివి, పగలు కోడ్ రాసుకుని, రాత్రిళ్ళు పుస్తకాలు చదివి, వాటి మీద నాలుగు ముక్కలు రాసే బాపతు. తీర్పులు చదవడం కూడా ఆ అలవాటులోంచే వచ్చింది. ముఖ్యంగా బెంచిలో మిగతావాళ్ళతో విభేదించిన జడ్జీలు రాసినవి. తన పక్షం ఓడిపోయింది, తన మాట అమలవ్వదు, అయినా ఒక మనిషి కూర్చుని పేజీలకి పేజీలు రాస్తారు. ఎవరి కోసం? ఎప్పటికో రాబోయే పాఠకుడి కోసం. సర్కారీ కాగితాల మీద జరిగే పనుల్లో సాహిత్యానికి ఇంత దగ్గరగా ఉండేది ఇంకోటి నాకు కనబడలేదు.

అలా చదువుతూ ఇద్దరు తెలుగు జడ్జీల దగ్గర ఆగిపోయాను. కోకా సుబ్బారావు, ఓ. చిన్నప్పరెడ్డి. సుప్రీంకోర్టులో వీళ్ళిద్దరూ ఎప్పుడూ పక్కపక్కన కూర్చోలేదు. ఒకరు 1967లో వెళ్ళిపోయారు, ఇంకొకరు 1978లో వచ్చారు. కానీ ఇద్దరి తీర్పులూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, పరిపాలనలో కోర్టు చోటు ఎంత అన్న ప్రశ్న మీద ఒక పెద్ద వాదన వినిపిస్తుంది. ఆ వాదన మా ఇంటిదాకా వచ్చింది కూడా. ఆ సంగతి తర్వాత చెప్తాను.

*

ముందు సుబ్బారావు. రాజమండ్రిలో పుట్టారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైనప్పుడు దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తి. 1958లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు.

1962లో ఆయన ముందుకి ఖరక్ సింగ్ కేసొచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేసిన మనిషి ఈ ఖరక్ సింగ్. వదిలేశారు గానీ పోలీసులు అతని పేరు మీద హిస్టరీ షీటు తెరిచారు. రాత్రిపూట చౌకీదారులు, కానిస్టేబుళ్ళు వచ్చి తలుపు కొట్టి, అరిచి, నిద్ర లేపి, ఇంట్లో ఉన్నాడో లేడో చూసి వెళ్ళేవాళ్ళు. ఆరుగురు జడ్జీల బెంచిలో ఎక్కువమంది, రాత్రి ఇంటికి రావడం వరకు తప్పన్నారు. మిగతా నిఘా ఫర్వాలేదన్నారు. గోప్యత అనే హక్కు మన రాజ్యాంగంలో లేదు కదా అన్నారు.

సుబ్బారావు ఒప్పుకోలేదు. జస్టిస్ షా ఆయనతో కలిశారు. కాళ్ళకి సంకెళ్ళు లేనంత మాత్రాన మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదనీ, పోలీసు చూపు వెంటాడుతుంటే అతనికి దేశమంతా జైలేననీ రాశారు. గోప్యత అనే మాట రాజ్యాంగంలో లేకపోయినా, వ్యక్తి స్వేచ్ఛలో అది విడదీయలేని భాగం అన్నారు. 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పినప్పుడు, ఆయన రాసిందే సరైందని ఒప్పుకున్నారు. యాభై నాలుగేళ్ళు పైనే పట్టింది. ఆధార్ గురించి, ఫోన్లో డేటా గురించి మనం ఇవాళ చేసే ప్రతి వాదన వెనకా ఆ హిస్టరీ షీటర్ ఇంటి తలుపు చప్పుడుంది.

ఇంతవరకు చదివితే నాలాంటివాళ్ళకి సుబ్బారావు హీరో. ఇబ్బంది తర్వాతి కేసుతో వస్తుంది.

1967 ఫిబ్రవరి 27, గోలక్‌నాథ్ కేసు. పంజాబ్‌లోని జలంధర్ దగ్గర దాదాపు 500 ఎకరాలున్న కుటుంబం. భూపరిమితి చట్టం ప్రకారం తలా 30 ఎకరాలు ఉంచుకోవచ్చు, మిగిలింది కౌలుదార్లకీ, మిగులు భూమి కిందకీ పోతుంది. వాళ్ళు కోర్టుకెళ్ళారు. అప్పట్లో ఆస్తి కూడా ప్రాథమిక హక్కే. పదకొండు మంది జడ్జీల్లో ఆరుగురు ఒకవైపు, అయిదుగురు ఒకవైపు. ప్రధాన న్యాయమూర్తిగా సుబ్బారావు మెజారిటీ వైపు నిలబడి, ప్రాథమిక హక్కుల్ని తగ్గించే అధికారం పార్లమెంటుకి లేదు, రాజ్యాంగ సవరణ చేసి కూడా తగ్గించకూడదు అన్నారు.

మరి 1951 నుంచి అలాంటి సవరణల అండతోనే నడిచిన జమీందారీ రద్దు, భూసంస్కరణలు అన్నీ కూలిపోవాలి కదా? దానికాయన ఒక ఉపాయం చెప్పారు. ఇప్పటిదాకా జరిగినవి చెల్లుతాయి, ఇవాళ్టి నుంచి మాత్రం కుదరదు. అమెరికా న్యాయశాస్త్రం నుంచి తెచ్చిన సూత్రం ఇది. మా భాషలో చెప్పాలంటే డెప్రికేట్ చేశారు. పాత కోడ్ నడుస్తూనే ఉంటుంది, కొత్తగా దాని మీద ఏమీ కట్టకండి. చదివినప్పుడు నాలోని ఇంజనీరు ముచ్చటపడ్డాడు. రాజ్యాంగంలో ఉన్నదాన్ని కాపాడుతున్నానంటూ, రాజ్యాంగంలో ఎక్కడా లేని ఉపాయాన్ని ఆయన ఇంత ధీమాగా ఎలా వాడారని నాలోని రివ్యూయర్‌కి అనుమానం కూడా వచ్చింది. ఆ తీర్పు తర్వాత ఆరు వారాలకి ఆయన పదవి వదిలేసి, ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి ఎన్నికలో నిలబడి, జాకీర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు.

ఖరక్ సింగ్ రాసిన సుబ్బారావు వేరు, గోలక్‌నాథ్ రాసిన సుబ్బారావు వేరు అనుకుంటే మనకి హాయిగా ఉంటుంది. కానీ కాదు. రెండిట్లోనూ ఉన్నది ఒక్కటే అనుమానం. ప్రభుత్వాన్ని, అది ఎంతమంది ఓట్లతో వచ్చినా సరే, ఆయన నమ్మరు. వ్యక్తి చుట్టూ ఒక కంచె ఉంది, దాని దగ్గర కాపలా కోర్టుది. ఆ కంచె లోపల ఉన్నది పేదవాడి మంచమా, భూస్వామి పొలమా అని ఆయన అడగరు.

*

మా ఇంటి సంగతి ఇక్కడొస్తుంది. మా అమ్మమ్మగారింట్లో "డిక్లరేషన్" అనేది మామూలు ఇంగ్లీషు మాట కాదు. 1973 నాటి ఆంధ్రప్రదేశ్ భూసంస్కరణల చట్టం ప్రకారం ఎవరికెంత భూమి ఉందో లెక్క చెప్పుకోవాలి. కుటుంబానికి మాగాణి అయితే పది నుంచి ఇరవై ఏడు ఎకరాలు, మెట్ట అయితే ముప్పై అయిదు నుంచి యాభై నాలుగు ఎకరాలు పరిమితి. తాతయ్యగారు డిక్లరేషన్ ఇచ్చారు, కొంత పోయింది. ఎంత పోయింది అన్నది పండక్కి చేరిన ప్రతిసారీ మావయ్యల నోట పెరుగుతూ వచ్చింది. ఆ మాటల్లో కోర్టులు మంచివి, ప్రభుత్వం దొంగ.

ఇంజనీరింగ్ హాస్టల్లో నా రూమ్మేటు వాళ్ళది వేరే జిల్లా. ఒకసారి మాటల్లో, వాళ్ళ తాతకి మిగులు భూమిలో ఎకరంన్నర పట్టా వచ్చిందని చెప్పాడు. చెప్పింది పెద్ద కథలా కాదు, బ్యాంకు లోనుకి నాన్న ఏం కాగితాలు పెట్టాడో చెప్తూ. ఆ ఎకరంన్నర లేకపోతే వాళ్ళ నాన్న పదో తరగతి దాటేవాడు కాదు, వీడు మా హాస్టల్‌కి వచ్చేవాడు కాదు. మా మావయ్యల నోట్లో నానే చట్టమే అది.

ఆ పట్టాకీ ఢిల్లీలో జరిగిన వాదనకీ సంబంధం ఉంది. గోలక్‌నాథ్ మాటే చివరి మాట అయ్యుంటే, 1967 తర్వాత భూపరిమితి చట్టాల్ని రాజ్యాంగంలోని తొమ్మిదో షెడ్యూల్లో చేర్చి కాపాడే దారి మూసుకుపోయేది. 1971లో 24వ సవరణ చేసి పార్లమెంటు ఆ అధికారాన్ని తిరిగి తీసుకుంది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో పదమూడు మంది జడ్జీలు కూర్చుని గోలక్‌నాథ్‌ని పక్కన పెట్టారు. 1974లో 34వ సవరణతో మన రాష్ట్రపు చట్టం తొమ్మిదో షెడ్యూల్లోకి చేరింది. ఇంత ప్రయాణం చేస్తే గానీ ఆ పట్టాకి గట్టి రక్షణ దొరకలేదు.

*

చిన్నప్పరెడ్డి తీర్పులు చదువుతుంటే అనుమానం అటు నుంచి ఇటు తిరుగుతుంది. ఆయన ఎక్కువగా అనుమానించేది పార్లమెంటుని కాదు, కోర్టుని. ఇంకా చెప్పాలంటే, కోర్టులో కూర్చునే తనలాంటివాళ్ళని. రిటైరయ్యాక సుప్రీంకోర్టు గురించి రాసిన పుస్తకానికి పెట్టిన ఉపశీర్షికలోనే శిఖరాలతో పాటు లోతు లేని చోట్లని కూడా పెట్టారు.

1982లో సంజీవ్ కోక్ కేసు. బొగ్గు, కోక్ పరిశ్రమల జాతీయీకరణ గురించి. సమాజపు వనరుల్ని అందరి మేలు కోసం పంచాలని ఆదేశిక సూత్రాల్లో ఉంది కదా, ఆ వనరుల్లో ప్రైవేటు వ్యక్తుల ఆస్తి కూడా వస్తుంది, దాన్ని ప్రభుత్వం తీసుకోవడం కూడా పంచడంలో భాగమే అని అయిదుగురు జడ్జీల బెంచిలో ఆయన రాశారు. ఆర్థిక విధానం ప్రజలు ఎన్నుకున్నవాళ్ళు తేల్చుకోవాల్సిన సంగతి, అక్కడ కోర్టు చేతులు కట్టుకోవాలి అన్నది ఆయన వైఖరి. లేబుల్ అతికించే వాళ్ళయితే ఇక్కడ "రిస్ట్రెయింట్" అని అతికించేస్తారు.

కానీ మరుసటి ఏడాదే ఆ లేబుల్ ఊడిపోతుంది. 1983 ఫిబ్రవరిలో వత్తీశ్వరన్ కేసులో, ఉరిశిక్ష పడిన మనిషిని రెండేళ్ళకి మించి ఆ నిరీక్షణలో ఉంచితే శిక్ష తగ్గించమని అడిగే హక్కు అతనికి ఉంటుందని ఆయన రాశారు. రెండేళ్ళన్న లెక్క ఏ చట్టంలోనూ లేదు. ఇంకో బెంచి మార్చి నెలలోనే ఆ లెక్కని ఒప్పుకోమంది. 1986లో కేరళలో ముగ్గురు పిల్లలు, యెహోవా సాక్షుల మతానికి చెందినవాళ్ళు, జాతీయగీతం పాడుతున్నప్పుడు మర్యాదగా నిలబడ్డారు గానీ గొంతు కలపలేదని బడి నుంచి తీసేస్తే, వాళ్ళని తిరిగి చేర్చుకోమన్నదీ ఆయనే. దేశమంతా ఒకవైపు ఉన్నా సరే, ఆ ముగ్గురు పిల్లల మౌనానికి చోటుందన్నారు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా పట్టుకున్నది 1985 నాటి వసంత్ కుమార్ కేసులో రిజర్వేషన్ల గురించి ఆయన రాసిన అభిప్రాయం. ఇంట్లో పుస్తకం, రేడియో, టీవీ, హోంవర్కులో సాయం చేసే మనిషి, ఏవీ లేకుండా, ఊరంతా చిన్నచూపు చూస్తుండగా పెరిగిన పిల్ల నలభయ్యో యాభయ్యో శాతం తెచ్చుకుంటే, అన్నీ అమరిన పిల్లవాడు తెచ్చుకున్న ఎనభై, తొంభై శాతం ముందు అది మెరిట్ కాదా అని అడుగుతారాయన. ఎంసెట్ ర్యాంకు అంటే మెదడు సైజు అనుకునే వాతావరణంలో పెరిగిన తరం మాది. కంపెనీల్లోకి వచ్చాక కూడా ఆ ర్యాంకులు పదేళ్ళపాటు మా వెంట నడిచాయి. ఇరవై ఏళ్ళ క్రితం మా హాస్టల్ మెస్సులో గంటలకొద్దీ సాగిన మెరిట్ వాదనలకి, మేమంతా పుట్టకముందో, పుట్టిన కొత్తలోనో ఒక తెలుగు జడ్జి ఆ జవాబు రాసి పెట్టారు. మా పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు కూడా లేదు.

*

మరి వీళ్ళిద్దరిలో ఎవరిది సరి? గోప్యత దగ్గర సుబ్బారావుతో, భూమి దగ్గర చిన్నప్పరెడ్డితో ఉంటాను అంటే, నేనూ స్కోరు చూసుకుని మాట్లాడేవాణ్ణే అవుతాను. నాకు నచ్చిన ఫలితం కాకుండా ఇంకేదైనా సూత్రం ఉందా?

ఉందనే అనుకుంటాను. దాని మొదటి ముక్క అమెరికాలో ఒక పాల కేసులో దొరికింది. పాలల్లో వెన్న తీసేసి నూనె కలిపి అమ్మే కంపెనీ ఒకటి, దాన్ని నిషేధించిన చట్టాన్ని కోర్టులో ప్రశ్నించింది. 1938లో జస్టిస్ స్టోన్, ఇలాంటి వ్యాపార చట్టాల్లో మేం వేలు పెట్టం అని తేల్చారు. తేల్చి, కింద నాలుగో ఫుట్‌నోటులో ఒక చిన్న అనుమానం రాసుకున్నారు. ఎన్నికల దారే మూసేసే చట్టాల విషయంలో, ఓట్లతో తమని తాము కాపాడుకోలేని అల్పసంఖ్యాకుల మీద గురిపెట్టిన చట్టాల విషయంలో కోర్టు ఇంకాస్త గట్టిగా చూడాల్సి ఉంటుందేమో అని. పాల తీర్పు ఎవరికీ గుర్తులేదు, ఆ ఫుట్‌నోటు మీద మాత్రం పుస్తకాలే వచ్చాయి.

ఈ కొలత పెట్టి చూస్తే మన ఇద్దరు జడ్జీలు కొత్తగా కనిపిస్తారు. హిస్టరీ షీటరు తరఫున అసెంబ్లీలో లేచి మాట్లాడే ఎమ్మెల్యే ఉండడు. బడి నుంచి తీసేసిన ముగ్గురు పిల్లలకి ఓటే లేదు. ఉరికి ఎదురుచూసే ఖైదీకి సంఘం లేదు. వీళ్ళకి కోర్టు తప్ప ఇంకో గుమ్మం లేదు. 500 ఎకరాల కుటుంబానికి ఉంది. మంత్రి దగ్గరికి వెళ్ళొచ్చు, పార్టీ పెట్టొచ్చు, పత్రికలో రాయించొచ్చు. మా తాతయ్యగారికే తాసీల్దారు ఆఫీసులో కుర్చీ వేసేవాళ్ళట. కాబట్టి కోర్టు ఎక్కడ చొరవ చూపాలి అన్నది కోర్టు స్వభావం బట్టి కాదు, గుమ్మం ముందు నిలబడ్డ మనిషికి ఇంకెన్ని గుమ్మాలున్నాయన్న దాన్ని బట్టి తేలాలి.

ఇక్కడితో ఆపేస్తే వ్యాసం చక్కగా ముగుస్తుంది. కానీ సుబ్బారావు వైపు నుంచి ఒక జవాబుంది, దాన్ని దాటేసి వెళ్ళలేం. ఇవాళ భూస్వామి హక్కుని సవరణతో తీసేసిన పార్లమెంటు, రేపు ఇంకెవరి హక్కునైనా అదే పద్ధతిలో తీసేయదా? ఆ భయం నిజమవడానికి పదేళ్ళు కూడా పట్టలేదు. 1975లో ఎమర్జెన్సీలో, ప్రధానమంత్రి ఎన్నికని కోర్టులు ప్రశ్నించకుండా 39వ సవరణ తెచ్చారు. ఆ ముక్కని సుప్రీంకోర్టు కొట్టేయగలిగింది ఎలా? కేశవానంద కేసులో గోలక్‌నాథ్‌ని పక్కన పెడుతూనే, రాజ్యాంగపు మౌలిక స్వరూపాన్ని మాత్రం పార్లమెంటు మార్చకూడదని ఏడుగురు జడ్జీలు ఒక గీత గీశారు కాబట్టి. ఆరుగురు ఆ గీతకి ఒప్పుకోలేదు. హైదరాబాద్ నుంచి వెళ్ళిన జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి ఆ ఏడుగురిలో ఒకరు. అంటే సుబ్బారావు తీర్పు పోయింది, ఆయన భయం మాత్రం వేరే రూపంలో నిలబడింది.

ఇక కోర్టు పూర్తిగా చేతులు కట్టుకుంటే ఏమవుతుందో కూడా ఆ రోజుల్లోనే చూశాం. 1976 ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీలో జైల్లో పెట్టినవాళ్ళకి కోర్టుకొచ్చి అడిగే హక్కే లేదని అయిదుగురిలో నలుగురు జడ్జీలు చెప్పారు. ఒప్పుకోనిది హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. ఆ నలుగురూ చెడ్డవాళ్ళని నేను అనుకోను. తప్పు చోట, తప్పు మనిషిని నమ్మారు.

2024 నవంబరు 5న తొమ్మిదిమంది జడ్జీల బెంచి, ప్రైవేటు ఆస్తంతా సమాజపు వనరు అయిపోదని చెప్పి, చిన్నప్పరెడ్డి రాసిన సంజీవ్ కోక్‌ని పక్కన పెట్టింది. ఆ తీర్పులో పాతతరం జడ్జీల ఆలోచన గురించి వాడిన మాటల మీద జస్టిస్ నాగరత్న, జస్టిస్ ధులియా అభ్యంతరం చెప్పారు. నాకా అభ్యంతరం నచ్చింది. పాత తీర్పు తప్పనడం వేరు, ఆ తీర్పు రాసిన చెయ్యి ఏ దేశాన్ని చూస్తూ రాసిందో మర్చిపోవడం వేరు.

నా రూమ్మేటు వాళ్ళ ఎకరంన్నర పక్కనుంచి ఇప్పుడు నాలుగు లైన్ల రోడ్డు పడుతోంది. సేకరణ నోటీసు వచ్చిందని మొన్న ఫోన్ చేశాడు. తొమ్మిదో షెడ్యూలు గురించి, సీలింగ్ గురించి వాడెప్పుడూ మాట్లాడలేదు. ఈసారి మాత్రం, "ప్రభుత్వం మన భూమి ఇలా తీసేసుకోవచ్చా, కోర్టు ఏమీ అనదా?" అని అడిగాడు. ఆస్తి ఇప్పుడు ప్రాథమిక హక్కు కాదు, 1978లో 44వ సవరణ దాన్ని ఆ జాబితాలోంచి తీసేసింది, చట్టం ప్రకారం తప్ప లాక్కోకూడదన్న రక్షణ మాత్రం మిగిలింది అని చెప్పాను. చెప్తుంటే, సుబ్బారావు కంచె మొదటిసారి నాకు చిన్న రైతు వైపు నుంచి కనబడింది. పట్టా ఇవ్వడానికి కోర్టు పక్కకి తప్పుకోవాల్సి వచ్చింది. ఆ పట్టా నిలవాలంటే అదే కోర్టు అడ్డంగా వచ్చి నిలబడాలి. మనిషి మారలేదు, ఎకరంన్నర మారలేదు. వాళ్ళ ముందున్న గుమ్మాలు మారాయి, అంతే.